నూకితే కదిలిన జీపు

జమ్మికుంటలో మగ్గం చప్పుడు మధ్య పెరిగిన అనసూర్యకు భైంసాలో టీకాల నర్సు ఉద్యోగం వచ్చింది. మరాఠీ కలిసిన అక్కడి తెలుగు మొదట్లో ఆమెకు సగమే తలకెక్కేది. ఊరుగాని ఊర్లో తోడంటూ ఉన్నది జీపు డ్రైవర్ బాలమల్లు ఒక్కడే. వయసులో పెద్దవాడు, ముక్కుసూటి మనిషి. ఆమె ఆయన్ని కాకా అని పిలిచేది, ఆయనకు ఆమె బిడ్డ.

పల్లెల్లో మశూచి వస్తే జనం తల్లి పోసిందనేవారు. టీకా వేయించుకుంటే ఆ తల్లికి కోపం వస్తుందని వాళ్ల భయం. దూరాన జీపు హారను వినబడితే చాలు, పిల్లల్ని చంకనేసుకుని పత్తిచేన్లలోకి పరుగు. బోర్గడ్డ అనే ఊర్లోనైతే కొమురవ్వ అనే ముసలామె చీపురు పట్టుకుని అనసూర్యను పొలిమేర దాకా తరిమింది. తిరిగి వస్తుంటే దారిపొడుగునా అనసూర్య కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"ఊకో బిడ్డా. సర్కారు బండంటె రజాకార్ల కాలంలకెళ్లి గీళ్లకు బుగులే," అన్నాడు బాలమల్లు.

ఆ వానాకాలం మళ్లీ బోర్గడ్డకు బయలుదేరారు. వాగు దాటగానే నల్లరేగడిలో జీపు బంపరు దాకా కూరుకుపోయింది. దగ్గర్లో దున్నుతున్న రైతులు ఎడ్లను కట్టి లాగారు. బురదలో నిలబడి వెనక నుంచి నెట్టిన అనసూర్యకు తెల్లచీర ఏ రంగుదో తెలియకుండా పోయింది. జీపు ఒడ్డునైతే పడింది గానీ, కొంతదూరం పోయాక బాలమల్లు మొహం మాడింది.

"ఏమైంది కాకా?"

"గీ మీటరు ముల్లు సూడు. చార్జింగు లేస్తలేదు. డైనమోల బురద జొచ్చినట్టుంది." అంటూ దిగి బెల్టు తుడిచాడు, బిగువు చూశాడు. ముల్లు కదల్లేదు. "ఇగ బ్యాటరీల ఉన్నంతే మనకు. సెల్ఫు కొడితే గది కూడ అయిపోతది. హారను వద్దు, లైటు వద్దు. ఆపినకాడల్ల ఎవలన్న నూకితేనే బండి లేసేది."

"ముందట పెట్టి తిప్పే హ్యాండిల్ రాడు లేదా?"

"అది యిరిగి నెలాయె. ఆఫీసుల అడిగితె వస్తది వస్తది అంటున్నరు."

వెనక్కి పోదామా అంటే మళ్లీ అదే బురద. ఊరే దగ్గర. హారను కొట్టకుండా బోర్గడ్డలోకి పోయారు. అందుకే ఆ రోజు ఎవరూ పారిపోలేదు. రచ్చబండ దగ్గర బాలమల్లు ఇంజను ఆపేసరికి, వాకిళ్లలో ఉన్నవాళ్లు ఉన్నట్టే నిలబడి చూశారు. తల నుంచి కాలి దాకా బురద పూసుకున్న ఇద్దరు మనుషులు, బురద పెచ్చులు కట్టిన జీపు. ఎవరో కిసుక్కున నవ్వారు. కొమురవ్వ కర్ర పొడుచుకుంటూ దగ్గరికొచ్చి జీపు చుట్టూ తిరిగింది.

"ఏందే బాయీ, నీ బండికి తల్లి పోసిందా? ఒళ్లంత పొక్కులే."

అనసూర్య ఏడుపొస్తుందనుకుంది, నవ్వొచ్చింది. "పోసింది అవ్వా. దానికి టీకా ఎయ్యలే నేను!"

ఊరంతా గొల్లున నవ్వింది. కొమురవ్వ నవ్వకుండా ఉందామని చూసింది గానీ ఆమె వల్ల కాలేదు. బిందెడు నీళ్లు తెప్పించి అనసూర్య చేతుల మీద పోసింది. తాగడానికి మజ్జిగ ఇచ్చింది. ఎదురుగా కూర్చుంటే అనసూర్య ఆ ముసలి మొహాన్ని మొదటిసారి దగ్గర్నుంచి చూసింది. చెంపల నిండా పాత మశూచి మచ్చలు.

"అవ్వా, మేము పోవాలె. బండికి జర చెయ్యి పెట్టండ్రి. నూకెటోళ్లు లేక పరేషాన్ల ఉన్నం."

"సర్కారోళ్లు మమ్ముల అడుగుతున్నరా?" అంది కొమురవ్వ. ఆ గొంతులో ఎగతాళి లేదు. "నా పెద్దబిడ్డ గూడ నీ అంతుంటుండె. నాకు పోసినప్పుడే దానికీ పోసింది. నేను లేసిన, అది లేవలే."

అనసూర్య ఆ ముడతల చేతిని పట్టుకుని కూర్చుంది. కొమురవ్వే లేచి, గుమ్మంలో నిలబడ్డ మనవరాలిని పిలిచింది.

"గా సూది బాగ నొస్తదా?" అని అనసూర్యను అడిగింది.

"చీమ కుట్టినంత. పిల్లను నేను పట్టుకుంట గద అవ్వా, నువ్వు గూడ పక్కన కూసో."

పిల్ల ఏడవబోయి, అనసూర్య ముక్కు మీది బురద చూసి నవ్వింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆడవాళ్లు, పిల్లలు, చివరికి మీసాలు దువ్వుకుంటూ మగవాళ్లు. అందరికీ అయ్యేసరికి పొద్దు వాలింది. అప్పుడు ఊరు ఊరంతా కొంగులు బిగించి జీపు వెనక చేరింది. "హై... శభాష్... నూకు!" అంటుంటే జీపు దగ్గింది, తుమ్మింది, అందరి మీదా బురద చిమ్మి లేచింది. పిల్లలు పొలిమేర దాకా వెంట పరిగెత్తారు. వాగు పక్క రేగడి జోలికి పోకుండా బాలమల్లు చుట్టుదారి పట్టి, చీకటి పడకముందే భైంసా చేర్చాడు.

మర్నాడు ఆయన డైనమో విప్పి, గట్టిపడిన బురద కడిగి, ఎండలో ఆరబెట్టాడు. లోపల ఇరుక్కుపోయిన కార్బన్ ముక్కలను తుడిచి మళ్లీ కదిలేలా చేశాడు. బండి స్టార్టు చేయగానే ముల్లు చక్కగా లేచింది. అనసూర్యకు సంతోషం కలగాల్సింది. ఎందుకో మనసు చిన్నబోయింది.

నెల తర్వాత బోర్గడ్డకు పోతే జనం పారిపోలేదు. పైగా పని అయ్యాక జీపు వెనక వరసగా నిలబడ్డారు, నూకడానికి. బాలమల్లు తాళం మీద చెయ్యి పెట్టి అనసూర్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మెల్లగా చెయ్యి తీసేసి, తల బయటపెట్టి అరిచాడు:

"నూకుండ్రి నాయినా! గిది ఉత్తగ లేవది!"

అప్పటినుంచి అది ఆ ఊరి రివాజయింది. కొమురవ్వ కర్ర పక్కన పారేసి తానూ ఓ చెయ్యి వేసేది. ఆమె చెయ్యి పడితేనే బండి కదులుతుందని పిల్లలు నమ్మేవారు.

కొన్నేళ్లకు అనసూర్యకు కరీంనగర్ బదిలీ అయింది. అక్కడ ఆఫీసు జీపు కొత్తది, తాళం తిప్పితే చాలు, గుర్రుమంటుంది. మొదటి రోజు ఎక్కి కూర్చుని, బండి కదిలాక కూడా ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక ఖాళీ రోడ్డు ఉంది. డ్రైవర్ కుర్రాడు "ఏమన్న మరిచిపోయిన్రా మేడం?" అని అడిగాడు.

"లేదు, పోనియ్," అంది అనసూర్య.