నాలుగో గూడు

ముందే ఒకటి ఒప్పేసుకుంటా: ఫెలిషాకి పక్షులంటే ప్రేమేం లేదు. వారంలో ఒక్కరైనా తన మెసేజ్ కోసం చూస్తారని పక్షి గూళ్ళు లెక్కపెట్టే వాలంటీర్ పనిలో చేరింది. చేర్పించింది రూమ్మేట్ సుభద్రక్క. స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం, దాంతో బ్లూ కార్డు వీసా రాగానే బైనాక్యులర్ ఈమె చేతిలో పెట్టి ఆవిడ వెళ్ళిపోయింది.

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ట్రామ్ చివరి స్టాప్ దగ్గర ఓ చెరువు. అందులో హౌబెన్‌టౌఖర్లు, అంటే నెత్తిన పిలక ఉండే నీటిపక్షులు, రెల్లు పక్కన తేలే గూళ్ళు కడతాయి. పలక మీద నిలబడి తెడ్డేసే ప్యాడిల్ బోర్డుల వాళ్ళు మీదికి రాకుండా ఒక్కో గూటి చుట్టూ తాడు కడతారు. ఫెలిషా ప్రతి శనివారం గట్టు మీంచి గుడ్లూ పిల్లలూ లెక్కపెట్టి గ్రూపులో పెట్టాలి. గూళ్ళు చూసుకునే పెద్దాయన కెస్లర్ జవాబుగా ఓ బొటనవేలి బొమ్మ పెడతారు. ఫెలిషాకి ఆ వారపు మాటామంతీ అంతే.

ఆ శనివారం నాలుగో గూట్లో పక్షి లేదు, గుడ్లూ లేవు. కుళ్ళిన నాచు కుప్ప. తను చదువుకుంటూ చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో కనిపించిందే రాయాలి, ఇక్కడా అంతే అనుకుంది. సున్నా అని రాసేసింది. "అయితే రేపు పదింటికి ఆ తాడు తీసేస్తా" అన్నారు కెస్లర్.

ఆదివారం పొద్దున అక్క ఫోన్‌లో దొరికితే నాలుగో గూడు ఖాళీ అని చెప్పింది.

"నాచు తడిగా ఉందా?"

"తడే. చెత్తకుప్పలా ఉందక్కా."

"ఓసి నీ టెస్టింగ్ తగలెయ్య! గుడ్లు కప్పెట్టి తిండికి పోయిందే అది! నీకు చెప్పలేదూ?"

"ఎక్కడ చెప్పావ్? సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతున్నావ్!"

"సర్లే, పరిగెత్తు. ఎండ కాస్తోంది, బోర్డులన్నీ దిగుతాయ్."

కెస్లర్ ఫోన్ ఎత్తలేదు. ఆదివారం ట్రామ్ ఇరవై నిమిషాలకొకటి. చెరువు దగ్గరికి చేరేసరికి ఆయన పడవలో కూర్చుని ముడి విప్పుతున్నారు. అవతల రెండు బోర్డులు నీళ్ళలోకి దిగాయి.

"ఆగండి! గుడ్లున్నాయ్!"

నేర్చుకున్న జర్మన్ అంతా ఎటుపోయిందో, తెలుగే వచ్చింది. వెళ్ళిపోతున్న బస్సుని ఆపినట్టు రెండు చేతులూ ఊపింది. ఆయన ముడి విప్పడం ఆపి గట్టుకొచ్చారు. తప్పు తనదేనని వచ్చీరాని జర్మన్‌లో చెప్పింది. ఆయన తిట్టలేదు. బోర్డుల వాళ్ళని చేత్తో అటు పొమ్మని, పక్కన కూర్చున్నారు. అరగంట ఇద్దరూ నాచుకుప్పనే చూశారు. పక్షి వచ్చింది. ముక్కుతో నాచు ఒక్కో పోగూ పక్కకి లాగింది. మూడు గుడ్లు. వాటి మీద సర్దుకుని కూర్చుంది.

కెస్లర్ మెల్లగా పడవలో వెళ్ళి తాడు మళ్ళీ బిగించి వచ్చి, "గుట్", అంటే మంచిది, అని సైకిలెక్కి భోజనానికి వెళ్ళిపోయారు.

ఫెలిషాకి ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. అక్కకి చేసింది. "చుట్టాలొచ్చారే, సాయంత్రం చేస్తా." చెయ్యలేదు.

మంచి కబురు పట్టుకుని చెప్పేవాళ్ళు లేక తిరిగిన ఆదివారం మీకూ ఒకటి ఉండే ఉంటుంది. ఇక్కడే కింద రాయండి. ఇంకెవరూ చదవకపోయినా ఫెలిషా చదువుతుంది.