నూట పన్నెండో కరచాలనం

ఫొటోగ్రాఫర్ ఆ గదిలో ఇప్పటికి నూట పదకొండు కరచాలనాలు తీశాడు. శాంతి సంఘం పద్ధతి అది. చంపినవాడూ, చచ్చినవాడి మనిషీ చేతులు కలపాలి. ఫొటో ఫైల్లో పడాలి. అప్పుడే శవం ఎక్కడుందో రాసిన కాగితం చేతికొస్తుంది. నీలం తెర, ప్లాస్టిక్ పూలు, నిలబడాల్సిన చోట సుద్దగీతలు. పెళ్ళి ఫొటోలకన్నా సులువు, పైగా భోజనం కూడా వాళ్ళదేనని మొదట్లో సంబరపడ్డాడు.

ఈరోజు సుద్దగీత మీద నిలబడింది అతని చెల్లెలు. ఎదురుగా, నాలుగేళ్ళ కిందట బావను ఇంట్లోంచి ఈడ్చుకెళ్ళిన దళపతి. ఇస్త్రీ చొక్కాలో పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఇప్పుడు సంఘంలో సభ్యుడు కూడా. చెల్లెలికి కావలసింది అతని క్షమాపణ కాదు, భర్త ఎముకలు.

"కాస్త నవ్వండి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

పాడు అలవాటు. అన్నాకగానీ తెలియలేదు. చెల్లెలు తలెత్తి అన్న వంక చూసింది. దళపతి మాత్రం చక్కగా నవ్వాడు. అతనికిది ఏడో ఫొటో.

ఫొటోగ్రాఫర్‌కి వాడి మీద ఎంత రోత పుట్టిందో తన మీదా అంతే పుట్టింది. కెమెరా దించాడు.

"ముందు చోటు చెప్పండి. అప్పుడు నొక్కుతాను."

పక్కనే ఉన్న సంఘం కార్యదర్శి పద్ధతి గురించి నచ్చజెప్పాడు, బయట వరసలో పదిమంది ఉన్నారన్నాడు, చివరికి నీ పని ఊడుతుందన్నాడు. ఫొటోగ్రాఫర్ లెన్సుకి మూత పెట్టేశాడు. విలేకరులు వచ్చే వేళయింది. దళపతి వాచీ చూసుకుని విసుక్కున్నాడు.

"ఇటుకల బట్టీ వెనక పాడుబావి. నలుగురున్నారు అందులో. ఎవరు ఎవరో నన్నడక్కమ్మా, మీరే చూసుకోండి."

"మా ఆయన కింద నుంచి ఎన్నో మనిషి?" అని అడిగింది చెల్లెలు.

దళపతి కాస్త ఆలోచించాడు, దారి అడిగినవాళ్ళకి సాయం చేస్తున్నట్టు.

"అందరికన్నా కింద. మొదట వేసింది ఆయన్నే."

ఆమె చెయ్యి చాచింది. "తియ్యి, అన్నయ్యా."

అతను నొక్కాడు. దళపతి వచ్చి కెమెరాలో తొంగి చూసుకున్నాడు.

"నా కళ్ళు మూతపడ్డాయి. ఇంకోటి తీయి."

చెల్లెలు అప్పటికే మెట్లు దిగుతోంది, అరచేతిని గోడకి రాసుకుంటూ. ఫొటోగ్రాఫర్ కెమెరా బల్ల మీద పడేసి ఆమె వెనకాలే పరిగెత్తాడు. పాడుబావిలోకి దిగాలంటే మోకు కావాలి. చీకటి పడేలోగా సంపాదించాలి.