మునిగే కొస, ముడుచుకున్న చెయ్యి

నేను ఒక గాలపు కర్రను. చెరువు గట్టున కూర్చుని వానపాము గుచ్చి వేసే వెదురుబద్దను మాత్రం కాను సుమండీ, ఆ మాట ముందే చెప్పేస్తే నాకు మనశ్శాంతి. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డ ఇద్దరు మనుషులకంటే పొడుగ్గా ఉంటాను. నన్ను పట్టాలంటే రెండు చేతులూ కావాలి. అందుకే నాకు పైన ఒక పిడి, కింద ఒక పిడి.

నా పుట్టిల్లు స్కాట్లాండులో స్పే అనే ఏటి ఒడ్డు. అక్కడ గట్ల మీద చెట్లు మహా దట్టం. లైనును, అంటే గాలపు దారాన్ని, వెనక్కి ఊపి విసురుదామంటే కొమ్మకి తగులుకుంటుంది. అందుకని అక్కడివాళ్ళు దాన్ని నీళ్ళ మీదే ఒక మెలిక తిప్పి ముందుకు విసరడం నేర్చారు. ఆ విసురు కోసం పుట్టాను నేను.

నా ఒంటికి లైను దూరే కడియాలు బిగించి దారం చుట్టిన ముసలావిడ, చివర్లో సన్నటి కుంచెతో పై పిడి దగ్గర ఒక అంకె వేసింది. నాకు ఎంత బరువు లైను నప్పుతుందో చెప్పే అంకె అది. మామూలు గాలానికి ఎర బరువే లైనును లాక్కుపోతుంది. నా సంగతి తిరకాసు. నాకు కట్టే ఎర చేపకి పురుగులా కనబడే నాలుగు కోడి ఈకలు, దానికి బరువేం ఉంటుంది? బరువు లైనుకే ఉండాలి. ఆ బరువుకి నేను పిడి దాకా వంగాలి, వంగి లేస్తేనే లైను ఎగురుతుంది. తక్కువైతే వంగను, ఎక్కువైతే లేవను. పాపం ఆవిడ నా జాతకం నా ఒంటి మీదే రాసి పంపింది. చదివినవాళ్ళేరీ?

నన్ను కొన్న పైడిరాజు విశాఖపట్నం మనిషి, ఓడలో ఇంజనీరు. ఓడ ఆ దేశపు రేవులో ఆగినప్పుడు దుకాణంలో నన్ను చూసి మురిసిపోయాడు. దుకాణదారు లైన్ల వైపు చూపిస్తూ ఏదో చెప్పబోయాడు. దారానికేం భాగ్యం, మా ఊళ్ళో దొరకదా అనుకున్నాడు మారాజు. అలా నేను లైను లేకుండానే సముద్రాలు దాటి, ఆయన ఇంటి అటక మీదికి చేరాను.

అటక మీద నా ఉద్యోగం చెబితే నవ్వుతారు. పండగొస్తే నా కొసకి గుడ్డ చుట్టి బూజు దులిపేవారు. మునక్కాయలు కాసే రోజుల్లో కొడవలి కట్టి కాయలు కోసేవారు. స్పే ఏటి సాల్మన్ చేపల కోసం పుట్టినదాన్ని, సాంబారు ముక్కల పాలయ్యాను. అయినా పైడిరాజును ఒక్క మాట అనను. ఆయన తేకపోతే నాకు మరిడయ్య చెయ్యి దొరికేది కాదు.

మరిడయ్య పైడిరాజుకు బావ. చింతూరులో శబరి ఒడ్డున ఇల్లు. లాంచీ నడిపే సరంగు. లాంచీ దిగితే భుజాన విసురు వల వేసుకుని మళ్ళీ ఏట్లోకే పోయే రకం. ఆయన భార్య కాసులమ్మ మిషను కుడుతుంది. ఏటినీ మొగుణ్ణీ కలిపి తిడుతూ హాయిగా కాపురం చేసుకునేది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలు కొంత కోలుకుంది, కర్ర ఊతంతో నడుస్తాడు. ఎడమ చెయ్యే కోలుకోలేదు. వేళ్ళు గుప్పిట ముడుచుకుపోయాయి. వల విసరాలంటే చెయ్యి విచ్చుకోవాలి కదా. వాడకపోతే ఆ చెయ్యి అలాగే బిగుసుకుపోతుందని భద్రాచలంలో డాక్టరు మరీమరీ చెప్పాడు. నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతిని మరిడయ్య మేకల మీదికి విసిరేశాడు. వలను గోడ మేకుకి తగిలించాడు. కుర్చీని ఏటికి వీపు పెట్టి వేసుకుని, రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. కాసులమ్మ తిట్టడం మానేసింది. ఇంట్లో అన్నిటికంటే భయం వేసే సంగతి అదే.

బావను చూడ్డానికి వచ్చిన పైడిరాజు మనసు కలుక్కుమంది. రెండు చేతుల కర్ర ఉందిగా, చెయ్యి ఆడించడానికి ఇంతకంటే వంకేం కావాలి అనుకుని నన్ను మోసుకొచ్చాడు. తెలిసినవాళ్ళ ద్వారా లైను కూడా తెప్పించాడు. నా ఒంటి మీద అంకె ఎవరు చూశారు గనక! అది ఒంటి చేతి చిన్న కర్రకు కట్టే లైను. మరిడయ్యను బతిమాలి రేవులోకి తీసుకెళ్ళి నన్ను ఊపించారు. నేను వంగనన్నా వంగలేదు. లైను పైకి లేచి ఆయన నెత్తినే చుట్టలు చుట్టుకుని పడింది.

పైడిరాజు సిగ్గుపడి, ఈసారి నా అంకె చూసి సరైన లైనే తెప్పించాడు. దాని తల, అంటే ఎగిరే బరువైన ముందు భాగం, నా కోసమే పోతపోసినట్టుంది. సంబంధం కుదిరిందని పొంగిపోయాను. కానీ శబరిలో వాలుగ చేప మడుగు అడుగున ఉంటుంది. ఎర అక్కడికి దిగాలంటే తల చివర మునిగే కొస ఒకటి తగిలించాలి. ఓడ మనిషి కదా, లంగరు లెక్క వేశాడు. ఎంత బరువుంటే అంత బాగా మునుగుతుందని, దొరికినవాటిలో అతి పొడుగుదీ అతి బరువుదీ తెచ్చి తగిలించాడు. మునగడమైతే మునిగింది. మళ్ళీ లేవాలి కదా? మరిడయ్య నన్ను ఎత్తేసరికి కొస అడుగున పట్టేసింది, నేను పిడి దాకా వంగి లేవలేకపోయాను, ఆయన మోకాలి లోతు నీళ్ళలో బోర్లా పడ్డాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఆయన తడిబట్టలతోనే వచ్చి గోడకేసి కూర్చున్నాడు. ఇంక ఎవరూ ఏటి మాట ఎత్తొద్దన్నాడు. ఆ కూర్చోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదీ కాదు, ఆయన చేతిదీ కాదు, మా మధ్య పడ్డ ఆ కొసది. చెబుదామంటే నాకు నోరేది?

కాసులమ్మ మర్నాడు పొద్దున్నే నన్ను భుజాన వేసుకుని, కత్తెర బొడ్డున దోపుకుని, తమ్ముడు పైడిరాజును వెంటబెట్టుకుని పెరటి వెనక రేవులోకి దిగింది. పల్చటి చీరకి మందపాటి ఫాలు వేస్తే చీరే వేలాడిపోతుంది, ఈ కొస సంగతీ అంతేలా ఉందిరా అంది. ఎంత కత్తిరించాలో మాత్రం ఆమెకీ తెలియదు, తమ్ముడికీ తెలియదు. తమ్ముడు విసిరాడు, ధబ్బుమంది. ఆమె విసిరింది, మరింత ధబ్బుమంది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడం మొదలెట్టారు.

నీటి మీద పని తప్పుగా జరుగుతుంటే సరంగు చెవి ఊరుకుంటుందా? పెరట్లోంచి, వీపు మాకేసి పెట్టే, మరిడయ్య అన్నాడు.

"కొస బరువెక్కువైందే. తల లేపలేపోతంది. జానెడు కోసెయ్."

కాసులమ్మ జానెడు కోసింది. విసిరారు. "ఇంకా," అన్నాడు. మళ్ళీ కోసింది. "ఇంకాస్త." ఆయన చూడటం లేదు, వింటున్నాడు. కోసిన కొద్దీ నా నడుం మీద భారం దిగిపోతోంది. ఆఖరికి ఒక విసురులో కొస నీళ్ళలోంచి మెత్తగా లేచింది, తల దాన్ని వెంటేసుకుని జుయ్యిమని మడుగు దాటింది, చప్పుడు లేకుండా దిగింది. పెరట్లోంచి కుర్చీ కిర్రుమంది. అందరం అటు చూశాం. మరిడయ్య లేచి నిలబడి, ఒంటి చేత్తో కుర్చీని ఏటివైపు తిప్పుకుంటున్నాడు.

"అలాక్కాదురా బావమరిదీ, ఇటియ్యి," అన్నాడు.

కుడి చేతికి నా పై పిడి అందించారు. ఎడమ గుప్పిట్లో నా కింది పిడిని దూర్చారు. దూర్చగానే నాకు తెలిసింది. ఆ ముడుచుకున్న వేళ్ళు నా పిడికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి. నా విసురులో కింది చెయ్యి చెయ్యాల్సిందల్లా పొట్టకేసి లాక్కోవడమే, ఆ చేతికి వచ్చిందీ అదొక్కటే. ఇన్నాళ్ళూ నాకు లైను కావాలనుకున్నాను, చెయ్యి కూడా కావాలని అప్పుడే ఎరిగాను. గంతకు తగ్గ బొంత అని లోకం వెక్కిరిస్తే వెక్కిరించనీ, నాకు అంతకంటే పెద్ద దీవెన లేదు.

ఆ రోజు నుంచి రేవులో పాత లాంచీ స్టూలు వేసుకుని పొద్దుటే నన్ను పట్టేవాడు. చేపలు పెద్దగా పడలేదు. కాసులమ్మ మళ్ళీ తిట్టడం మొదలెట్టింది, ఇల్లు ఇల్లైంది.

చలి తగ్గిన ఒక పొద్దున వాలుగ పట్టింది. అబ్బో, ఏం లాగిందని! నా కడియాలన్నీ కంపించాయి. ఆ ఊపుకి స్టూలు ఒరిగింది. మరిడయ్య కుడి చేత్తో పక్కనున్న బండను పట్టుకున్నాడు. నేను ఎడమ చేతిలో ఒంటరిగా మిగిలాను. "పట్టుకోయే!" అంటూ నన్ను రేవులోనే ఉన్న భార్యకేసి చాపాడు. ఆమె నా నడుం పట్టుకుంది. నా కింది పిడి మీంచి ఆ వేళ్ళు ఒకటొకటిగా వీడిపోయాయి.

కాసులమ్మ అలాగే నిలబడిపోయింది. లైను వదులైంది, వాలుగ దాని దారిన అది పోయింది.

"సేపనొగ్గేసేవేంటే," అన్నాడు మరిడయ్య.

"సేప కాదు మావా. నీ సెయ్యి సూసుకో."

చూసుకున్నాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

ఇప్పుడు నేను వాళ్ళింటి గోడకే ఉంటున్నాను. నన్ను ఏటికి తీసుకెళ్ళి చాన్నాళ్ళైంది. పండగొస్తోందని కాసులమ్మ నిన్న నా కొసకి గుడ్డ చుట్టింది. ఏ గాలపు కర్రా ఇంత సంతోషంగా బూజు దులిపి ఉండదు. ఎందుకంటే నా పక్కన వల తగిలించే మేకు ఖాళీగా ఉంది.