గాలి తగిలిన నికెల్

నాచారంలోని ఆ చిన్న ఫ్యాక్టరీలో రెబెక్కా తయారుచేసిన నికెల్ పొడికి ల్యాబులో ఒక బుద్ధి, కింద షెడ్డులో ఇంకో బుద్ధి. పుస్తకాలు దాన్ని ఉత్ప్రేరకం అంటాయి, షెడ్డువాళ్లు క్యాటలిస్టు అంటారు. అది ఉంటేనే రియాక్టరులో మందుల ముడిసరుకు చకచకా తయారవుతుంది. పనయ్యాక వడకట్టి మళ్లీ వాడుకోవాలి. ల్యాబులో ఎన్నిసార్లు వాడినా అది చలాకీగానే ఉండేది. షెడ్డులో మాత్రం మూడోసారికే అత్తారింట్లో కొత్తల్లుడిలా చతికిలబడేది.

యజమాని కనకరాజు గారిది కాకినాడ. ఎవరినైనా ఎదుట మెచ్చుకోవాలంటే ఆయనకు ప్రాణం మీదికొస్తుంది.

"ఇదేం నికెలమ్మా? ఈ వారంలో నిలబడకపోతే పూణేవాళ్ల సరుకు కొనేస్తా. నువ్వు మళ్లీ టెస్టింగులోకి పోదువుగాని," అనేశాడు.

రెబెక్కాకు ఏడుపొచ్చింది. దానికోసం ఎన్ని ఆదివారాలు వదులుకుందో! చిల్కానగర్‌లో తల్లి పాపమ్మయితే ప్రార్థనలో చుట్టాల ఆరోగ్యంతోపాటు నికెల్ ఆరోగ్యం కూడా అడుగుతోంది.

ఇక లాభం లేదని, షెడ్డులో ఏం జరుగుతోందో చూడడానికి రెబెక్కా కిందికి దిగింది. వాడిన పొడిని నీళ్లలో ముంచి, డ్రమ్ము మూత బిగించి ఉంచాలి. గాలి తగిలితే పాడైపోతుంది. ఆ సంగతి గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది కనకరాజు గారే. యజమానికి గోడ మీది రాతలు వర్తిస్తాయా మరి?

ఉప్పల్ నుంచి వచ్చిన వ్యాపారి పక్కన నిలబడి, కనకరాజు గారే డ్రమ్ము మూత తీసి, గరిటెతో నల్లటి ముద్దను పైకెత్తి నీళ్లోడ్చి తిప్పి తిప్పి చూపిస్తున్నాడు.

"మా రెబెక్కా చేసిందండీ! పూణే కాదు, ఎక్కడ వెతికినా ఇలాంటిది దొరకదు. పిల్ల బంగారం! వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటాను."

రెబెక్కాకు వచ్చిన కోపం బంగారమన్న మాట దగ్గర తడబడింది. వ్యాపారి వెళ్లేదాకా ఆగి, కనకరాజు గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, దాన్ని సంపుతున్నది మీరే. ఎవ్వరొచ్చినా మూత తీసి సూపిస్తున్రు గదా!"

కనకరాజు గారు గరిటెను వెనక్కి దాచుకున్నాడు. "ఒక్క నిమిషమేగా అమ్మా..."

"ఆ మెచ్చుకునుడేదో జర నన్నే మెచ్చుకోన్రి సార్. నాకు గాలి తాకినా ఏం గాదు."

ఆయన గబగబా మూత బిగించాడు. "పూణే సంగతి మర్చిపో. కొత్త పొడి వేయించి, డ్రమ్ముకు తాళం పెట్టి, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో." కాసేపు నసిగాడు. "బాగా చేశావమ్మా," అన్నాడు చివరికి, డ్రమ్మును చూస్తూ.

"డ్రమ్ముకు గాదు సార్, నాకు చెప్పున్రి."

ఆయన తలెత్తి మళ్లీ చెప్పాడు. రెబెక్కా కళ్లు తుడుచుకుంది.