నవ్విన చోటు

ఉత్తరాన మంచు సముద్రంలో ఉన్న ఆ ద్వీపాన్ని ఊరంతా ‘నవ్విన చోటు’ అంటుంది. సైలా మాత్రం ఆ పేరు పలకదు. ఎవరైనా పలికితే ఆమెకు ఒళ్లు మండిపోతుంది.

పెళ్లైన కొత్తలో ఆమె మొగుడు తులుగాక్, పక్కింటి అమ్మాయి నివియాక్‌తో కలిసి బాతుగుడ్లు ఏరడానికి అక్కడికి వెళ్లాడు. మంచుగడ్డలు కమ్ముకొచ్చి పడవ కదల్లేదు. ఇద్దరూ అక్కడే చిక్కుకుపోయారు. తిరిగొచ్చాక ఎలా గడిపావని అడిగితే “నవ్వులతో గడిచిపోయింది” అన్నాడు. ఆ ఊళ్లో నేలకు మనుషుల పేర్లు పెట్టరు. ఎలా కనిపిస్తుందో, అక్కడేం జరిగిందో అదే పేరు. అలా అతని మాటే పేరై కూర్చుంది. తులుగాక్ పోయినా సైలా కడుపుమంట మాత్రం చల్లారలేదు.

ఇకాలూయిత్ పట్నం నుంచి లీతియా అనే అమ్మాయి పటంలో ఎక్కించే పేర్ల కోసం వచ్చింది. హాల్లో పెద్దవాళ్లంతా టీ తాగుతూ కూర్చున్నారు. అమ్మాయి వేలు ఆ ద్వీపం మీదికి రాగానే సైలా అందరికంటే ముందు అందుకుంది.

“దాని పేరు మూత్రపిండం. దూరం నుంచి చూస్తే అట్లాగే గుండ్రంగా ఉంటది.”

ఆ ద్వీపానికి రెండు నిటారు కొమ్ములున్నాయని పడవెక్కిన ప్రతివాడికీ తెలుసు.

“గుండ్రటి దీవిని వెతుక్కుంటూ పోయి జనం చస్తారు,” అన్నాడు ముసలి వేటగాడు ఆకూమాలిక్. “నువ్వెప్పుడన్నా చూశావా దాన్ని?”

సైలా తల దించుకుంది. కుళ్లుతో ఆమె ఏనాడూ అటువైపు వెళ్లలేదు.

“పోనీలే, ఆమె చెప్పిందే రాసుకోవే అమ్మాయ్,” అంది నివియాక్.

ఆ జాలి సైలాకు పుండు మీద కారం చల్లినట్టయింది. “నీ దయ నాకెందుకే? ఏం చూసి నవ్వుకున్నారో చెప్పు. అందరి ముందే చెప్పు.”

“నవ్వింది ఆయనొక్కడే, సైలక్కా. చేతిలోంచి కెటిల్ జారి నీళ్లల్లో పడింది. ఇంటికెళ్తే నువ్వెలా తిడతావో చేసి చూపించాడు. నీ గొంతు, నీ మూతి తిప్పుడు, అన్నీ. కడుపు పట్టుకుని నవ్వాడు.” నివియాక్ కప్పు కింద పెట్టింది. “నేను ఏడ్చా. ఒక్కసారన్నా నా వంక చూస్తాడనే వెళ్లా. నువ్వొచ్చి మా మధ్యలో కూర్చున్నావు. ఇప్పటికీ లేవలేదు.”

సైలా లీతియా వైపు తిరిగింది.

“పాత పేరే రాయమ్మా,” అంది.

అయినా మంట పోలేదు. తన మొగుడు తనలా తిట్టడం చూసింది నివియాక్, తను కాదు. సైలా కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది.

“ఎలా చేశాడో చేసి చూపించు,” అంది.