నీళ్లు ఆగని గుంట

మా వదిన భూగోళం టీచరు. ఆరేళ్లుగా టెంపరరీ. ఆ సోమవారం ఒక అధికారి వచ్చి ఆమె పాఠం చూస్తాడు. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ఇంటికే. అందుకని కొండలూ లోయా ఉన్న నమూనా ఒకటి క్లాసులో చూపించాలనుకుంది. చేసిపెట్టే పని నా నెత్తిన పడింది. నేను దర్జీని. కత్తెర పట్టినవాడికి అన్నీ కత్తిరించడం వచ్చని మా ఇంట్లో గట్టి నమ్మకం.

వదిన వంకర గీతల పటం ఒకటి ఇచ్చింది.

"ఒక గీత మీదున్న చోట్లన్నీ ఒకే ఎత్తు. గీతకో అట్ట కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించు. కొండ దానంతటదే లేస్తుంది."

"అంటే కొండకి కొలతలు తీసి కుట్టినట్టే కదా వదినా?"

"నీకు కుట్టు తప్ప ఇంకేం గుర్తురాదా?" అని నవ్వి వెళ్లిపోయింది.

మూడు రోజులు షాపు పని అటకెక్కింది. చొక్కాల కోసం వచ్చినవాళ్లు నానా మాటలూ అన్నారు, పడ్డాను. కొండలు లేచాయి, మధ్యలో లోయ ఏర్పడింది. పటంలో లోయ చివర ఒక చిన్న గుండ్రటి గీత, దానికి లోపలివైపు చీమకాళ్లలాంటి పొట్టి గీతలు. నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా సుద్దతో నేను గీస్తున్నవే! అలాంటి గీతలున్నచోట కుచ్చు పెట్టాలి, గుడ్డ పొంగాలి. వదినను అడగడం నామోషీ అనిపించింది. అక్కడ మూడు అట్టలు వేసి పొంగించాను. రంగు వేసి, ఆరేదాకా గుడ్డ కప్పి ఎవర్నీ చూడనివ్వలేదు.

సోమవారం ఆ గుడ్డ తీయకుండానే మోసుకెళ్లి క్లాసులో బల్ల మీద పెట్టాను. మెచ్చుకోలు విందామని తలుపు దగ్గరే నిలబడ్డాను. అధికారి ఆ బల్ల పక్కనే కూర్చున్నాడు.

వదిన మొక్కలకు నీళ్లు పోసే క్యాను పైకెత్తింది. "ఇది మేఘం. కొండ మీద వాన పడింది. బోర్డు మీది పటం చూసి చెప్పండి, నీళ్లు ఎక్కడ ఆగుతాయి?"

"ఆ గుండ్రటి గీతలో టీచర్! లోపలికి పొట్టి గీతలుంటే గుంట!" అన్నారు పిల్లలు.

నేను అట్టలు వేసి పొంగించింది సరిగ్గా అక్కడే! వదిన గుడ్డ తీసి, కళ్లు అధికారి మీదే ఉంచి నీళ్లు పోసింది. లోయ దిగిన నీళ్లు నా మిట్టకు కొట్టుకుని, రెండుగా చీలి, బల్ల దిగి ఆయన ఒళ్లో పడ్డాయి.

వదిన నమూనాను చూసింది. తర్వాత నన్ను చూసింది. తప్పు నాదని చెప్పకుండా నేను తలుపు వెనక్కి జరిగాను.

"తప్పు నాదండీ. తెచ్చేముందు సరిచూసుకోలేదు," అంది వదిన.

ఆయన ఫైలు దులుపుకుని పిల్లల వైపు తిరిగాడు. "గుంట అన్నారు. నీళ్లు ఆగలేదు. ఇప్పుడేమంటారు?"

రెండో బెంచీలో ఒక పిల్ల లేచింది. "గుంటేనండీ. బొమ్మ తప్పు."

"మీ టీచరు తెచ్చిన బొమ్మనే తప్పంటావా?"

"టీచరే చెప్పారండీ, ఎవరేం చూపించినా గీతల్ని చదువుకోమని."

ఆయన తడిసిన కాగితం మీద ఏదో రాశాడు. "మీ పాఠం వీళ్లకు వచ్చేసిందమ్మా. ఉద్యోగం ఖాయం చేయమని రాశాను."

వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆరేళ్ల ఆమె కష్టాన్ని నా పొగరు ఒక్క పూటలో ముంచేసేది. గబగబా లోపలికి వెళ్లి, గుడ్డ తీసుకుని నేల తుడవడం మొదలుపెట్టాను. నీళ్లన్నీ పోయినా చాలాసేపు తల ఎత్తకుండా తుడుస్తూనే ఉన్నాను.