రవ్వంత నల్లమందు

నిజాం ఎక్కడో హైదరాబాదులో ఉండేవాడు. మా ఊరికి మాత్రం దొరే నిజాం. కాలు కుంటిదాన్ని, వంగి కలుపు తీయలేను. అయినా నన్ను వెట్టి నుంచి వదల్లేదు, కలుపు తీసే ఆడవాళ్ల పిల్లలను చేను పక్క కొట్టంలో కాయమన్నారు.

తొమ్మిది మంది పిల్లలు, నాకు రెండు చేతులు. కొట్టానికి పదడుగుల దూరంలో మోటబావి, దానికి గట్టు లేదు. నడిచేవాళ్ల నడుముకు తాడు కట్టి గుంజకు వేసేదాన్ని. పాకేవాళ్లకు, తిరుమలగిరి సంతలో కొన్న నల్లమందు రవ్వంత నాకించి పడుకోబెట్టేదాన్ని. తల్లులందరికీ తెలుసు. మేమంతా అలా నిద్రపోయి పెరిగినవాళ్లమే.

నర్సింగమ్మ కొడుకుకు ఎనిమిది నెలలు. ఒకరోజు వాడు ఏడుస్తుంటే పాలివ్వడానికి రెండుసార్లు పని వదిలి వచ్చింది. పనులు చూసే మైసయ్య అందరి ముందూ నానా మాటలన్నాడు. నర్సింగమ్మ నోట్లో నాలుక లేని మనిషి. తల వంచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పిల్లవాణ్ణి నా ఒళ్లో పెట్టింది.

"ఇయ్యాల ఏడ్వడు పెద్దమ్మా, నీకేం ఫికర్ ఉండదు."

వాడింకా గునుస్తూనే ఉన్నాడు. నేనేమీ అడగలేదు. రోజూ చేసే పనే చేశాను. వేలు నాకించిన కాసేపటికి నిద్రపోయాడు.

మధ్యాహ్నం పాలివ్వడానికి వచ్చి, "ఎంత మంచిగ పండుకున్నడో చూడు" అంది నర్సింగమ్మ. రొమ్ము నోటికి పెట్టింది. వాడు పట్టలేదు. పెదవులు నల్లబడి ఉన్నాయి. నేను నీళ్లు చల్లాను, అరికాళ్లు రుద్దాను. వాడు లేవలేదు.

"ఇంటికాడ మందు పెట్టినవా?" అన్నాను.

"వస్త వస్త తొవ్వల పెట్టిన. నువ్వు?"

మందు నాకించిన వేలు కొంగులో దాచుకున్నాను.

నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. నల్లమందు మాత్రం మానలేదు. బావి అక్కడే ఉంది.

మూడోనాడు కొట్టం గుమ్మంలో కూర్చుని, బిడ్డను తీసుకునే ముందు ఒక్కొక్క తల్లినీ అడిగాను. "మందు పెట్టినవా?" పెట్టానన్నవాళ్ల పిల్లలను విడిగా పడుకోబెట్టాను. తల ఎత్తకుండానే నలుగురిని అడిగాను, ఐదో మనిషినీ అడిగాను.

"ఇయ్యాల పెట్టలే పెద్దమ్మా" అంటూ నర్సింగమ్మ ఖాళీ చేతులు నా ఒళ్లోకి చాచింది.